తిండి మారలేదు, డోసు మారలేదు, షుగర్ మాత్రం దిగడం లేదు

ప్రశ్న:
నాకు చిన్నప్పటి నుంచి టైప్ 1 డయాబెటిస్. ఇన్సులిన్ లెక్కలు కొత్త కాదు. కానీ నాన్నగారు పక్షవాతంతో ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఆ లెక్కలేవీ కుదరడం లేదు. తినేదీ అంతే, వేసుకునేదీ అంతే. తెల్లవారి చూస్తే 280, ఒక్కోసారి 300. ఐసీయూ బయట కూర్చుని వేలు గుచ్చుకోబోతే చేతులు వణుకుతాయి. అది భయమో, షుగర్ పడిపోవడమో తెలియదు. "ముందు నీ ఆరోగ్యం చూసుకో" అని అందరూ అంటారు. ఎలాగో ఎవరూ చెప్పరు. ఇలాంటి రోజులు దాటినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
మావారి గుండె ఆపరేషన్ సమయంలో నాదీ ఇదే పరిస్థితి. ముందుగా ఒక మాట: ఆ అంకెలు మీ అశ్రద్ధ వల్ల వచ్చినవి కావు. ఆందోళనలో శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ విడుదల చేస్తుంది. దాంతో కాలేయం దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ పట్టు తగ్గుతుంది. అలవాటైన డోసు అప్పుడు చాలకపోవచ్చు.

వణుకు వస్తే ఊహించకండి, మీటరు చూడండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూడండి. 240 దాటి దిగకపోతే కీటోన్లు (ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించినప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్ల పదార్థాలు) పరీక్షించాలి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం తోడైతే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. తినలేకపోయిన రోజున కూడా బేసల్ ఇన్సులిన్ (తిండితో సంబంధం లేకుండా రోజంతా నెమ్మదిగా పనిచేసేది) పూర్తిగా మానకూడదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మతిమరుపు. ఇంజెక్షన్ వేసుకున్నానా లేదా అన్నది గుర్తుండేది కాదు. రెండోసారి వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కదా! మా చెల్లెలు ఇన్సులిన్ పెన్ను పెట్టే సంచీలోనే చిన్న పుస్తకం పెట్టింది. సూది తీయగానే, మూత పెట్టకముందే, టైమూ యూనిట్లూ రాయాలి. రాత్రి ఆ పుస్తకం తనే చూసేది. వ్యాయామం, తిండి కొలతలు అన్నీ ఆ రోజుల్లో పక్కన పెట్టాను. ఇన్సులిన్, మీటరు, నిద్ర, ఈ మూడే పట్టుకున్నాను.

జవాబు 2:
మీ డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేయండి. ఇంట్లో ఏం జరుగుతోందో కూడా చెప్పండి, అంకెలు మాత్రమే కాదు. తాత్కాలికంగా డోసు ఎలా మార్చాలో వారే చెబుతారు. ఈ జబ్బును రోజూ మోయడంలో వచ్చే అలసటను డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు. అది డిప్రెషన్‌తో సమానం కాదు, కానీ దానికీ సహాయం దొరుకుతుంది. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఒక్క రాత్రి కూడా ఒంటరిగా ఉండవద్దు. పక్కనున్నవారికి చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
డాక్టరుతో మాట్లాడాను. బేసల్ కొద్దిగా పెంచి, రాత్రి మధ్యలో ఒకసారి చూసుకోమన్నారు. పుస్తకం ఈ రోజే మొదలుపెట్టాను. షుగర్ పడిపోతే నేను ఎలా ఉంటానో, గ్లూకోజు ఏ జేబులో ఉంటుందో తమ్ముడికి చూపించాను. ఈ రాత్రి నాన్నగారి దగ్గర వాడు ఉంటానన్నాడు.