‘దింపుడు కళ్లం ఆశ’ వెక్కిరింత మాటేనా?

మిత్రులకు నమస్కారం. ఓటమి ఖాయమని తెలిసిన తరువాత కూడా ప్రయత్నం మానని మనిషిని గురించి ‘దింపుడు కళ్లం ఆశ’ అని తేలికగా అనడం పత్రికలలో, ముఖ్యంగా ఎన్నికల వార్తలలో, పరిపాటి అయింది. నిన్న ఒక సభ్యురాలు దీనికి ‘మూర్ఖపు ఆశ’ అని అర్థం చెప్పారు. వారితో నేను ఏకీభవించలేకపోతున్నాను.

ముందు రూపం సంగతి. ‘దింపుడు కళ్లెం’ అని కూడా అచ్చవుతోంది కాని, కళ్లెం గుర్రం నోటికి తగిలించేది, దానికిక్కడ పనిలేదు. కళ్లం అంటే పంటను తెచ్చి దించి, నూర్చుకొనే, ఆరబెట్టుకొనే చదునైన నేల అని మా గుంటూరు మిర్చి రైతులు ఎవరైనా చెబుతారు. పాడెను మోసుకుపోతూ మధ్యదారిలో దించే చోటుకు ఆ మాటే వచ్చిందని నా అభిప్రాయం. అక్కడ, పలుకుతారేమోనన్న చివరి ఆశతో, పోయినవారి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. మా మేనమామను తీసుకువెళ్లిన నాడు ఆయన చిన్న కొడుకు ‘నాన్నా’ అని మూడోసారి పిలిచిన తరువాత కూడా చాలాసేపు ఆ చెవి దగ్గరనుంచి లేవలేదు. ఆ దృశ్యం చూసినవారు ఈ పలుకుబడిని ఎగతాళికి వాడలేరు.

వాడుకలో ‘ఆశ’ తరచుగా అత్యాశ వైపే ఒరుగుతుంది: ‘ఆశపోతు’ అన్నా, ‘ఆశ లావు, పీక సన్నం’ అన్నా అంతే. ఇక్కడి ఆశలో ఆ పేరాశ లేదు. జవాబు రాదని తెలిసీ, పిలవడం తన ధర్మమని పిలిచే మనిషి ఉన్నాడు. పోతన గజేంద్రుడు కూడా ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్న సందేహాన్ని దాచుకోకుండానే ‘రావే ఈశ్వర’ అని పిలిచాడు.

ఈ మాట తలచినప్పుడల్లా నాకు గుర్తుకు వచ్చేది మాత్రం 1895లో వినుకొండలో పుట్టిన జాషువా ‘గబ్బిలం’. 1941 నాటి ఆ కావ్యంలో, గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన పేదవాడు, కాశీ విశ్వనాథునికి తన బాధను గబ్బిలంతో చెప్పి పంపుతాడు. ఆలయంలో వేలాడే వేళ శివుని చెవి నీకు కొంత దగ్గరగా ఉంటుంది, పూజారి లేని సమయం చూసి నా జీవితకథ విన్నవించు అని కోరుతాడు. ఇక్కడా చెవిలో చెప్పడమే ఉన్నదని గమనించండి. తనను వెలివేసిన లోకం మారలేదు, తలుపు తెరుచుకోలేదు. అయినా న్యాయం ఒకటి ఉన్నదనీ, అది వినవలసిందేననీ అతడు పట్టుబట్టాడు. దీన్ని మూర్ఖత్వమని ఏ నిఘంటువు అనగలదు?

కృష్ణకు ఆవలి ఒడ్డున, బెజవాడ వైపు, ఈ పిలుపు పేరుతోనా, వరసతోనా? ఆ చోటును కళ్లమనే అంటారా? తెలిసిన పెద్దలు వ్రాయగలరు.