మూడు లీటర్ల గీజరైతే కొత్త వైరింగ్, ఎర్తింగ్ అక్కర్లేదా?

కొర్లగుంట కుర్రోడు, తిరుపతి
మాది కొర్లగుంటలో నాన్న కట్టించిన పాత ఇల్లు. ఇన్నాళ్లూ బకెట్లో రాడ్డు పెట్టి నీళ్లు కాచుకున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వేడినీళ్ల దగ్గర ఆమెను చూస్తే నాకు టెన్షన్. సంక్రాంతి లోపు గీజర్ పెట్టించాలి. బాత్రూంలో ఉన్నది ఒక లైటు, ఒక మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు. తగిలించాల్సింది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు. కంపెనీ మనిషి వచ్చి బిగించిపోతాడట గానీ 16 ఆంపియర్ల పాయింటు, ఎర్తింగ్, పైపులు ముందే మనం రెడీ చేసి పెట్టాలట. ఎలక్ట్రీషియన్‌తో లెక్క వేయిస్తే ఆ ఖర్చు గీజర్ రేటుకు దగ్గరగా వచ్చింది. మా బావేమో "15 లీటర్లది ఎందుకురా, మూడు లీటర్ల ఇన్‌స్టంట్ తీసుకో, నీళ్లు పారుతుండగానే కాచేది. తేలిక, గోడకు భయం లేదు, ఉన్న ప్లగ్గుకే పెట్టేయొచ్చు" అంటున్నాడు. ఏం చేయమంటారు?

బైరాగిపట్టెడ బాబాయ్, తిరుపతి
మీ బావ మాటే నా మాట. మనూళ్లో చలెంత? డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 18 డిగ్రీలకు అటూ ఇటూ. ఏప్రిల్ వచ్చిందంటే మిద్దె మీది ట్యాంకు నీళ్లే ఒళ్లు కాలుస్తాయి. రెండు నెలల ముచ్చటకు గోడలు పగలగొట్టుకుంటారా ఎవరైనా? మా ఇంట్లో మూడు లీటర్లది పాత వైరు మీదే నడుస్తోంది. ఎనిమిది, తొమ్మిది నిమిషాలకు గోరువెచ్చటి నీళ్లు బకెట్ నిండుతాయి. ఇంకేం కావాలి?

చిత్తూరు వైర్‌మన్
బాబాయ్, నీళ్ల లెక్క మీరు చెప్పింది సరే. కరెంటు లెక్క మాత్రం తిరగబడింది. 15 లీటర్ల గీజర్ సాధారణంగా 2 కిలోవాట్లు, అంటే 230 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్ల లోపే. మూడు లీటర్లది 3 కిలోవాట్లు, అంటే 13 ఆంపియర్లు. నీళ్లు పారుతుండగానే వేడెక్కించాలి కాబట్టి దానికి ఎక్కువ పవర్ కావాలి. పెట్టె చిన్నదైతే వైరు కూడా చిన్నది చాలనుకోవడం దగ్గరే అందరూ పప్పులో కాలేస్తున్నారు.

తమ్ముడూ, ఆ 6 ఆంపియర్ల ప్లగ్గు విప్పి చూస్తే వెనక ఒక స్క్వేర్ ఎంఎం (చదరపు మిల్లీమీటరు) మందం వైరు ఉంటుంది, మహా అయితే ఒకటిన్నర. దాని మీద 13 ఆంపియర్లు లాగితే మొదట టాపు (సాకెట్‌లో గుచ్చే ప్లగ్గు) నల్లబడుతుంది, తర్వాత పిన్నులు అతుక్కుపోతాయి, గోడలో వైరు తొడుగు మెత్తబడుతుంది. ఇవేవీ కొన్న వారంలో కనిపించవు. 2 కిలోవాట్లకు రెండున్నర స్క్వేర్ ఎంఎం, 3 కిలోవాట్లకు నాలుగు స్క్వేర్ ఎంఎం రాగి వైరు డీబీ (ఇంటి కరెంటు పంచే పెట్టె) నుంచి విడిగా లాగించండి, దానికో ఎంసీబీ, అంటే లోడు మించితే పడిపోయే స్విచ్చు. స్విచ్చు బాత్రూం బయట ఉండాలి.

బైరాగిపట్టెడ బాబాయ్
రాడ్డు ఇన్నేళ్లూ అదే ప్లగ్గుకు నడిచింది కదయ్యా! మీ వృత్తివాళ్లకు ప్రతిదానికీ కొత్త లైను లాగాల్సిందే.

చిత్తూరు వైర్‌మన్
రాడ్డు ఒక కిలోవాట్, లేదా ఒకటిన్నర. ఒకటిన్నరదైనా ఆరున్నర ఆంపియర్లు, అదీ ఆ ప్లగ్గుకు మించినదే. మూడు లీటర్ల గీజరైతే దానికి రెట్టింపు లాగుతుంది. పైగా రాడ్డు పెట్టినప్పుడు నీళ్లలో ఎవరూ చెయ్యి పెట్టరు, స్విచ్చు ఆపాకే బకెట్ ముడతారు. గీజర్ ఆన్‌లో ఉండగానే దాని కింద తడి ఒంటితో నిలబడతాం. ఎర్త్ గురించి నేను ఇంతగా పట్టుబట్టేది అందుకే.

పాత ఇళ్లలో నేను చూసే పని ఒకటి చెబుతాను. సాకెట్‌లో మూడు కన్నాలూ ఉంటాయి. పై కన్నానికి ఎర్త్ వైరు లేక, లోపల న్యూట్రల్ నుంచే ఒక ముక్క తెచ్చి కలిపేస్తారు. టెస్ట్ ల్యాంపు పెడితే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు చక్కగా వెలుగుతుంది, ఎర్త్ ఉందని సంబరపడతాం. వెనక ఎక్కడో న్యూట్రల్ తెగిందా, ఆ ముక్క గుండానే గీజర్ ఇనుప బాడీకి కరెంటు వచ్చేస్తుంది. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉన్నా బాడీకి లీకైన కరెంటు న్యూట్రల్ గుండానే తిరిగి పోతుంది కాబట్టి దానికి తేడా తెలియదు, ట్రిప్ కాదు. అందుకని బల్బును నమ్మకుండా, మెయిన్ ఆపించి, సాకెట్ విప్పించి కళ్లతో చూడండి. సరైన ఎర్త్ వేశాక 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి.

మిట్టూరు అక్క, చిత్తూరు
వైరింగ్ గొడవ అన్న చెప్పేశాడు, నేను ఇంట్లో వాడకం చెబుతా. ఇద్దరే ఉండి, బకెట్ స్నానాలైతే మూడు లీటర్లది చాలు, అందులో బాబాయ్‌తో నాకు పేచీ లేదు. పొద్దున స్కూలు టైముకు ముగ్గురు వరుసగా పోసుకునే ఇంట్లో మాత్రం బకెట్ నిండేదాకా తలుపు బయట కేకలే. 15 లీటర్లది 60 డిగ్రీలకు కాగితే చన్నీళ్లు కలుపుకుని బకెట్టున్నర వస్తుంది. 25 డిగ్రీల నుంచి 60కి కాగడానికి ఇరవై నిమిషాల లోపే పడుతుంది, అరయూనిట్ దాటి కాలుతుంది. స్విచ్చు మరిచిపోతే అదనం.

మీకు వచ్చేది బోరు నీళ్లా, మున్సిపాలిటీ నీళ్లా? బోరైతే కాయిల్ మీద తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఇన్‌స్టంట్ దానికి లోపల జాగా తక్కువ, ముందే మొరాయిస్తుంది. పైపులు సీపీవీసీ (వేడినీళ్లకు తట్టుకునే ప్లాస్టిక్) వేయించండి, మామూలు పీవీసీ వేడికి వంగిపోతుంది.

కొర్లగుంట కుర్రోడు
రెండూ వస్తాయక్కా. కళ్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్లు వదలని రోజు బోరే. అన్నా, గోడ సంగతి చెప్పలేదు. నాలుగున్నర అంగుళాలు ఆగుతుందా?

చిత్తూరు వైర్‌మన్
15 లీటర్లది నీళ్లతో కలిపి పాతిక కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఇటుక గట్టిగా ఉంటే ఆగుతుంది. కన్నం ఇటుక మధ్యలో పడాలి, రెండు వరసల మధ్య సిమెంటులో పడితే బోల్టు తిరుగుతూనే ఉంటుంది, పట్టదు. ముందు గోడను తట్టి చూడు, పూత డొల్లగా మోగితే ఆ చోటు వదిలెయ్. నాకైతే అవతలి గది వైపు ప్లేటు పెట్టి, గోడ గుండా బోల్టు దూర్చి నట్టు బిగిస్తేనే తృప్తి. బయటికి కనిపిస్తుందని ఇంట్లోవాళ్లు మొహం చిట్లిస్తారు, అది వేరే సంగతి. హాలో బ్లాక్ గోడైతే మామూలు బోల్టులు నమ్మొద్దు.

ఇంకో మాట. చన్నీళ్లు వచ్చే వైపు సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. నీళ్లు వేడెక్కినప్పుడు అందులోంచి చుక్కలు పడతాయి. లీకనుకుని ఎంసీల్ పూసినవాళ్లున్నారు. దాన్ని మూయకండి, సన్న ట్యూబు తగిలించి కిందికి వదలండి.

బైరాగిపట్టెడ బాబాయ్
ఇవన్నీ విన్నాక నాకు సోలారే నయమనిపిస్తోంది. మిద్దె ఎండంతా ఊరికే పోతోంది.

మిట్టూరు అక్క
బాబాయ్, వైరు మార్చడానికే లెక్కలేసుకునే పిల్లాడికి సోలార్ చెబుతారా! అయినా ముసురు రోజుల్లో దానికీ కాయిల్ కావాల్సిందే, మళ్లీ అదే వైరు, అదే ఎర్త్.

కొర్లగుంట కుర్రోడు
అయితే 15 లీటర్లదే, 2 కిలోవాట్లది. బావకు ఈ పేజీ పంపించాను, ఇంకా జవాబు లేదు. ఎర్త్ ఎక్కడ వేయించాలన్నదే మిగిలింది. పెరడంతా సిమెంటు చేసేశాం.

చిత్తూరు వైర్‌మన్
పునాదికి ఐదడుగులు ఎడంగా, అడుగున్నర చదరం సిమెంటు కోయించు చాలు. ఎర్త్ పైపు ఎనిమిదడుగులు దిగాలి. మీది కొండకింద నేల, మధ్యలో రాయి తగిలితే సగంలో ఆపేసి "అయిపోయింది" అంటారు, దగ్గరుండి చూసుకో. పంపు నీళ్లు పారే చోటైతే మరీ మంచిది. కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ ఇంటికి మంజూరైన లోడు, ఎంతుందో కూడా చూడు. ఒక కిలోవాట్ అని ఉంటే గీజర్ కొనకముందే పెంచమని అర్జీ పెట్టుకో.