తీసేసిన ఆ ఎండింగ్: వుల్వరీన్ చేతికి సూట్ ఇవ్వడం అతని కథకి నప్పేదేనా?

నిశాచరుడు:
2013లో వచ్చిన 'ది వుల్వరీన్' డిస్క్‌లో ఉన్న ఆల్టర్నేట్ ఎండింగ్ మీద మళ్ళీ గొడవ మొదలైంది కాబట్టి విడిగా మాట్లాడుకుందాం. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. థియేటర్లో మనం చూసినదాంట్లో, జపాన్‌లో కథంతా ముగిశాక లోగన్ (వుల్వరీన్ అసలు పేరు), అతన్ని జపాన్‌కి తీసుకొచ్చిన అమ్మాయి యుకియో విమానం ఎక్కుతారు. ఎక్కడికి అని ఆమె అడిగితే ప్రస్తుతానికి పైకి అంటాడు, అంతే. తీసేసిన వెర్షన్‌లో అదే విమానంలో యుకియో అతనికి ఒక పెట్టె ఇస్తుంది. మూత తీస్తే లోపల కామిక్స్‌లో అతను వేసుకునే సూట్, మాస్కుతో సహా. వేసుకోడు. చూస్తాడు, అక్కడితో కట్.

నా మాట ముందే చెప్పేస్తా: తీసేసి మంచి పని చేశారు. సినిమా మొదట్లో ఈయన యూకాన్ అడవుల్లో జుట్టూ గడ్డమూ పెంచుకుని బతుకుతున్న మనిషి. 2006 ఎక్స్-మెన్ సినిమాలో తను ప్రేమించిన జీన్‌ని తన చేత్తోనే చంపాల్సొచ్చింది, అప్పట్నుంచి కలలో రోజూ ఆవిడే. చావు రాని ఒళ్ళు, బతకాలని లేని మనసు. సినిమా అడిగే ప్రశ్న ఇతను బతకడానికి ఒప్పుకుంటాడా లేదా అన్నది ఒక్కటే. జపాన్‌లో దానికి జవాబు దొరికింది. సూట్ చూపించేసరికి ప్రశ్నే మారిపోతుంది, హీరో అవుతాడా లేదా అని. ఆ ప్రశ్న ఈ సినిమా ఎప్పుడూ అడగలేదు.

పాతకామిక్స్:
బ్రో, నువ్వు లోగన్‌ని ఒంటరివాడుగానే ఉంచేయాలని చూస్తున్నావ్. అతను 1974లో హల్క్ కామిక్‌లో వచ్చాడు, ఆ మరుసటేడే ఎక్స్-మెన్ అనే సూపర్‌హీరోల టీమ్‌లో చేరాడు. జనానికి నచ్చింది టీమ్‌లో ఉంటూ ఎవరి మాటా వినని మనిషిగానే. నిజంగా ఒక్కడే అయితే ఎవరి మాట వినకుండా ఉంటాడు? ఒంటరితనం కనిపించాలన్నా పక్కన నలుగురు ఉండాలి.

ఈ సినిమాకి ఆధారం 1982లో రచయిత క్లేర్‌మాంట్, ఆర్టిస్ట్ ఫ్రాంక్ మిల్లర్ చేసిన నాలుగు సంచికల కామిక్ కథ. జపాన్, లోగన్ ప్రేమించే మారికో, యుకియో అన్నీ అక్కడివే. ఆ కథ ఎలా ముగుస్తుందో గుర్తుందా? లోగన్, మారికోల పెళ్ళి శుభలేఖ ఎక్స్-మెన్ చేతికి అందడంతో! ఒక్కడే తిరిగిన కథ చివరికి తన వాళ్ళకి కబురు పంపడంతో ఆగింది. పెట్టెలో సూట్ కూడా అదే పని చేస్తుంది. అతనికి ఒక చోటు ఉందని గుర్తు చేస్తుంది.

రీలుకట్:
మీ ఇద్దరూ మనసులోకి వెళ్ళిపోయారు. నాకో చిన్న డౌట్. మిడ్-క్రెడిట్స్ సీన్ ఉంది కదా, రెండేళ్ళ తర్వాత ఎయిర్‌పోర్ట్‌లో పాత శత్రువు మాగ్నీటో, చచ్చిపోయాడనుకున్న ఎక్స్-మెన్ గురువు జేవియర్ కనిపించేది. అందులో లోగన్ మామూలు బట్టల్లోనే ఉంటాడు. ముందు సీన్లో సూట్ ఇచ్చి వెంటనే ఇది చూపిస్తే, సూట్ ఏమైందని జనం అడగరా?

పాతకామిక్స్:
ఎయిర్‌పోర్ట్‌కి మాస్కు పెట్టుకుని వెళ్తాడా ఏంటి 😀 అయినా ఈ సిరీస్‌కి కంటిన్యుటీ పట్టింపు ఎక్కడుంది? క్లైమాక్స్‌లో లోహపు గోళ్ళు తెగిపోయి ఎముక గోళ్ళు మిగిలాయి. 2014 ఎక్స్-మెన్ సినిమాకొచ్చేసరికి భవిష్యత్తు లోగన్‌కి మళ్ళీ లోహపు గోళ్ళే. ఎలా వచ్చాయో ఎవరూ చెప్పలేదు. గోళ్ళకే లెక్క చెప్పనివాళ్ళు సూట్‌కి చెప్తారా?

నిశాచరుడు:
రీలుకట్ చెప్పిన సీన్‌లో సూట్ కంటే నాకు ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఆ ఎయిర్‌పోర్ట్‌లో యుకియో లేదు. బాడీగార్డ్‌నని చెప్పి విమానం ఎక్కిన అమ్మాయి రెండేళ్ళకి పక్కన లేదు. ఎందుకో చెప్పరు. అంటే థియేటర్ వెర్షన్ ప్రకారం లోగన్ మళ్ళీ ఒక్కడే. కానీ ఈసారి అడవిలో దాక్కుని కాదు, మనుషుల మధ్య క్యూలో నిలబడి. ఆ తేడా చాలు నాకు. పక్కన ఎవరూ లేకపోయినా బతకగలిగే స్థితికి వచ్చాడన్నది అతని ఎదుగుదల. సూట్ ఆ ఎదుగుదలని 'టీమ్‌లో చేరాడు' అనే స్థాయికి కుదించేస్తుంది.

సింధూర:
ఈ చర్చలో కత్తి సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ? నాకైతే కథ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. 1945లో నాగసాకిలో బాంబు పడినప్పుడు లోగన్ యషీదా అనే జపాన్ సైనికుణ్ణి కాపాడతాడు. ఆ కుర్రాడు కృతజ్ఞతగా తమ వంశపు కత్తి ఇవ్వబోతే, తీసుకోకుండా ప్రస్తుతానికి నీ దగ్గరే ఉంచమంటాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత యుకియో అదే కత్తి పట్టుకుని అతన్ని వెతుక్కుంటూ వస్తుంది. అంటే యుకియో కథలోకి వచ్చిందే ఒక కానుకతో. తీసేసిన ఎండింగ్‌లో మళ్ళీ అదే యుకియో, మళ్ళీ ఒక కానుక. మొదటిది అతను తన చేత్తో తోసేసిన పాత బంధం. రెండోది మూత తీసి చూసిన కొత్తది. తీసుకోవడం చేతకాని మనిషి తీసుకోవడం నేర్చుకున్నాడని ఒక్క పెట్టెతో చెప్పినట్టు. థియేటర్ వెర్షన్‌లో ఈ రెండో సగం లేదు.

ఇంకోటి. యుకియో కూడా అనాథే. ఎవరు ఎలా చస్తారో ముందే కనిపించే శక్తి ఉన్న పిల్ల, అందుకే ఎవరికీ పూర్తిగా దగ్గర కాలేదు. ఒక ఒంటరి మనిషి ఇంకో ఒంటరి మనిషికి ఇచ్చిన వస్తువది. టీమ్ యూనిఫాం అని తేల్చేస్తే ఎలా?

నిశాచరుడు:
సింధూర గారూ, కత్తి పాయింట్ బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆ కత్తి వెనకాల ఏముందో కూడా చూడండి. కానుక పేరుతో పిలిపించి, 'నీ అమరత్వం నాకిచ్చేయ్, నీకు మామూలు చావు ఇప్పిస్తా' అన్నాడు యషీదా. కానుక అనేది వల. అంత మోసపోయిన మనిషి చేతికి సినిమా చివర్లో మళ్ళీ పెట్టె పెట్టడం మీకు అందంగా కనిపిస్తోంది, నాకు ఒళ్ళు జలదరిస్తోంది.

మీరు గమనించారో లేదో, ఈ సినిమాలో అతన్ని తయారు చేసేది ఎప్పుడూ వేరేవాళ్ళే. టోక్యోలో దిగగానే ఇద్దరు ముసలమ్మలు పట్టుకుని తొట్టిలో వేసి తోమిపారేస్తారు, జుట్టూ గడ్డమూ కత్తిరించేస్తారు. తర్వాత అంత్యక్రియలకి నల్ల సూట్ తొడుగుతారు. వాళ్ళకి కావలసిన ఆకారంలోకి అతన్ని తెచ్చుకుంటారు. దానికి ఎదురుగా నిలబడే సీన్ ఒక్కటే. గాయాలు మానే శక్తిని అడ్డుకుంటూ గుండెకి అతుక్కున్న ఆ యంత్రపు పురుగుని తీసుకోవడానికి బల్ల మీద పడుకుని, స్క్రీన్ మీద తన గుండెని తానే చూసుకుంటూ, ఛాతీ కోసుకుని చెయ్యి లోపలికి పెడతాడు. అవతల యుకియో యషీదా కొడుకు షింగెన్‌తో కొట్టుకుంటూ ఉంటుంది, ఇవతల ఇతను ఒక్కడే తన ఒంటితో తను. గుండె ఆగిపోతుంది, మళ్ళీ లేస్తాడు. నా లెక్కలో అతని కథ అక్కడే పూర్తయింది. దాని తర్వాత ఇంకొకరు బట్టలు తెచ్చివ్వడం అంటే మళ్ళీ ముసలమ్మల తొట్టి దగ్గరికే వచ్చినట్టు.

పాతకామిక్స్:
అబ్బా, సూట్‌ని స్నానం తొట్టితో పోల్చావ్ చూడు, అక్కడే దొరికిపోయావ్. తొట్టిలోకి బలవంతంగా దించారు. పెట్టె అతనే తెరిచాడు, తొడగమని ఎవరూ అడగలేదు. పైగా నువ్వు అంత మెచ్చుకుంటున్న ఆ ఆపరేషన్ సీన్‌లో అవతల యుకియో కాపలా లేకపోతే ఏమయ్యేవాడు? షింగెన్ వచ్చి బల్ల మీదే ముగించేసేవాడు. ఒంటరిగా చేశాడంటున్నది కూడా ఒంటరిగా చేసింది కాదు!

సింధూర:
+1. నేను రాద్దామనుకున్నది రాసేశారు.

రీలుకట్:
మరి సూట్ అంటే టీమ్ కాదు అనుకుంటే, అసలు ఆ సీన్ ఎందుకు షూట్ చేశారంటారు? నాకైతే అది ఫ్యాన్స్‌కి వేసిన చాక్లెట్‌లా అనిపించింది. 2000లో మొదటి ఎక్స్-మెన్ సినిమాలోనే టీమ్‌లోని సైక్లాప్స్ చేత పసుపు సూట్ మీద జోక్ వేయించారు. పదమూడేళ్ళు జనాన్ని ఊరించి, అది కూడా చూపించి చూపించకుండా మూత పెట్టేయడం. క్యారెక్టర్ కోసం కాదు, అరుపుల కోసం పెట్టిన షాట్.

నిశాచరుడు:
ఒక సీన్ అరుపుల కోసమా క్యారెక్టర్ కోసమా అని తేల్చాలంటే, నేను ఒకటే చూస్తా. సూట్ గురించి ముందే ఏమీ తెలియని ప్రేక్షకుడికి ఆ సీన్ ఏం చెప్తుంది? ఈ సినిమాలో ఎక్కడా సూట్ ఊసే లేదు. కొత్తగా చూసేవాడికి అది ఒక పెట్టెలో పసుపు బట్టలు, అంతే. కత్తి అలా కాదు. నాగసాకిలో చూపించారు, తర్వాత యుకియో చేతిలో చూపించారు, దాని బరువు మనకి తెలుసు. పెట్టెలో ఆ కత్తే ఉండి ఉంటే సింధూర గారి వాదనకి నేను ఓటేసేవాణ్ణి.

పాతకామిక్స్:
2024లో వచ్చిన 'డెడ్‌పూల్ & వుల్వరీన్' గురించి మాట్లాడవేం మరి? అక్కడ పసుపు సూట్ మొత్తం వేసుకున్నాడు, చివర్లో మాస్కు కూడా దించాడు. నప్పలేదా?

నిశాచరుడు:
నప్పింది. ఎందుకు నప్పిందో చూడు. అది వేరే లోకపు లోగన్, సరే. కానీ సూట్‌కి వాళ్ళు ఇచ్చిన కారణం వినలేదా? టీమ్ వాళ్ళు వేసుకోమని ఎన్నిసార్లు బతిమాలినా వేసుకోలేదు. వాళ్ళంతా చచ్చిపోయాక, అప్పుడు లేననే బాధతో తనంతట తానే తొడుక్కున్నాడు. అక్కడ ఆ బట్ట ప్రతి దారంలోనూ వాళ్ళ చావు ఉంది. 2013 పెట్టెలో అలాంటిది ఏముంది? సూట్ వద్దనను నేను. వేసుకోవడానికి కారణం అతని లోపల పుట్టాలి, విమానంలో పార్సిల్‌గా రాకూడదు.

సింధూర:
అంటే ఒంటరివాడికి బట్ట కూడా బాధ నుంచే రావాలా? 2017 'లోగన్' చూస్తే మీ మాట ఇంకో వైపు తిరుగుతుంది. అతని రక్తం నుంచే ల్యాబ్‌లో పుట్టిన పిల్ల లారా దగ్గరున్న ఎక్స్-మెన్ కామిక్స్ చూసి అవన్నీ కట్టుకథలని విసుక్కున్నవాడు చివరికి అదే పిల్ల కోసం చచ్చిపోయాడు. సమాధి దగ్గర ఒక పిల్లాడి చేతిలో వుల్వరీన్ బొమ్మ ఉంటుంది. రెండు సినిమాలకీ డైరెక్టర్ మాంగోల్డే. ఆ పెట్టె మూత తీసిన సీన్ ఉంచి ఉంటే, చేతికి వచ్చిన సూట్‌ని వేసుకోని మనిషే ఆ సమాధిలో ఉన్నాడని అర్థం వచ్చేది. నాకైతే ఆ బరువు కావాలి. సంతోషంగా ఇచ్చినదాన్ని కూడా వాడుకోలేకపోయాడన్న బరువు.

నిశాచరుడు:
ఇది మాత్రం ఆలోచించాల్సిందే. వేసుకోకపోవడమే అసలు సంగతి అయితే ఆ సీన్‌కి అర్థం మారుతుంది. కానీ దానికి తర్వాతి సినిమాల్లో ఒక్క షాట్ అయినా కావాలి, పెట్టె ఎక్కడో దుమ్ము పట్టి కనిపించేలా. అది లేకుండా మనమే ఊహించుకుంటే అది మన సినిమా అవుతుంది, వాళ్ళది కాదు.

పాతకామిక్స్:
ఎలాగూ తీసేసిన సీన్ గురించే మాట్లాడుకుంటున్నాం, ఇంకో షాట్ ఊహించుకుంటే పోయేదేముంది 😀 నా ఓటు పెట్టెకే.

రీలుకట్:
నాది థియేటర్ వెర్షన్‌కి. కానీ యుకియో ఎయిర్‌పోర్ట్‌లో ఎందుకు లేదో ఎవరైనా చెప్పండి ముందు, నాకు సూట్ కంటే అదే తొలిచేస్తోంది ఇప్పుడు.