పేద బస్తీ నుంచి బయటపడాలంటే ముందు ఏది సర్దుకోవాలి?

బస్తీలో పెరిగి, ఉద్యోగం దొరకగానే వేరే చోటికి మారాలనుకునేవాళ్ల లెక్క ఎక్కడ తప్పుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

అద్దె జీతంలో మూడో వంతు దాటకూడదని అందరూ అంటారు. అసలు దెబ్బ మొదటి నెలలోనే. అడ్వాన్సు, అద్దె, సామాను రవాణా, పరుపు, గిన్నెలు అన్నీ ఒకేసారి మీద పడతాయి, జీతం మాత్రం నెలాఖరుకే వస్తుంది. అందుకే అడ్వాన్సు కాక మూడు నెలల ఖర్చు విడిగా ఉండాలని నా అంచనా. ఇది చాలుతుందా? గది పంచుకుంటే అద్దె సగమే, కానీ రెండోవారు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతే మొత్తం ఒక్కరి నెత్తినే. ఒప్పందంలో ఇద్దరి వాటాలూ విడివిడిగా రాయించుకోవడం కుదిరిందా ఎవరికైనా?

ఇంటికి పంపే డబ్బు ఇంకా చిక్కు. అడిగినప్పుడల్లా పంపితే పొదుపు నిలవదు, మానేస్తే మనసొప్పదు. జీతం పడిన రోజే ఒక స్థిరమైన మొత్తం పంపి, వైద్యం ఖర్చుకు వేరే ఖాతా పెట్టడం మేలనిపిస్తోంది. ఎంత శాతమైతే ఏడాది పొడవునా నిలబడుతుంది?

పిల్లలుంటే వయసు కూడా చూడాలి. అమెరికాలో 1994-98 మధ్య ఐదు నగరాల్లో లాటరీ తీసి, పేద కుటుంబాలు మెరుగైన పేటలకు మారేందుకు అద్దె వోచర్లిచ్చారు. వాటితో 13 ఏళ్లలోపే మారిన పిల్లలు పెద్దయ్యాక, లాటరీలో వోచరు రాని కుటుంబాల పిల్లల కంటే దాదాపు 31 శాతం ఎక్కువ సంపాదించారు. ఆ వయసు దాటాక మారినవాళ్లలో ఆ లాభం కనబడలేదు. స్నేహాలు, బడి మధ్యలో తెగిపోవడం ఒక కారణం కావచ్చు. మరి 15 ఏళ్ల పిల్లలున్నవాళ్లు వెంటనే మారాలా, బడి చదువు పూర్తయ్యేదాకా ఆగాలా?