తెరచాప పడవలో బకింగ్‌హామ్ కాలువ మీద పెదగంజాం నుంచి మద్రాసు వరకు వెళ్ళవచ్చునా?

ప్రశ్న: చీరాల వాస్తవ్యుడు

అందరికీ నమస్కారం. మా తాతగారు యౌవనంలో పెదగంజాం రేవులో తెరచాప పడవ ఎక్కి, చినగంజాం ఉప్పు బస్తాల నడుమ పడుకుని, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు వెళ్ళిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎన్ని రోజులు పట్టేదని అడిగితే, అది గాలినీ పోటునూ అడగాలని అనేవారట. ఆ దారిని ఒక్కసారైనా పడవలోనే చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. ఇద్దరు పట్టే చిన్న తెరచాప పడవ సమకూర్చుకోగలను. ఈత వచ్చు, చుక్కాని పట్టడం కూడా కొంత నేర్చుకున్నాను. కాలువ ఇప్పుడు పడవ సాగే స్థితిలో ఉందా? ఏ నెలల్లో బయలుదేరడం మంచిది? పూర్తి ప్రయాణం వీలుకాకపోతే ఏ భాగం చూడదగినదో తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం: విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు, బాపట్ల

పెదగంజాం నుంచి చెన్నై వరకు ఏకధాటిగా పడవలో వెళ్ళడం నేడు సాధ్యం కాదండీ. కాలువ చాలాచోట్ల పూడిపోయింది, పడవలను దాటించడానికి నీటిని ఆపి వదిలే లాకుల తలుపులు శిథిలమయ్యాయి, తెరచాప కొయ్యను దాటనివ్వని తక్కువ ఎత్తు వంతెనలు అడ్డుపడతాయి, గట్ల పక్కన రొయ్యల చెరువులు ముందుకు జరిగాయి. చెన్నై నగరంలోనైతే కాలువ గర్భంలోనే స్తంభాలు పాతి పైన రైలు మార్గం నిర్మించారు.

అయినా మీ తాతగారి మాటలో పోటు ప్రస్తావన ఉన్నందుకు నాకు చాలా సంతోషం కలిగింది, ఎందుకంటే ఈ కాలువ ప్రాణం అక్కడే ఉంది. ఏలూరు కాలువలోనో కొమ్మమూరు కాలువలోనో ఆనకట్ట దగ్గర వదిలిన మంచినీరు ఒకే దిక్కుకు పారుతుంది కాబట్టి దిగువకు వెళ్ళే పడవకు శ్రమ తక్కువ, ఎగువకు వచ్చే పడవకు ఎక్కువ. బకింగ్‌హామ్ కాలువ అలా కాదు. ఇది సముద్రానికి సమాంతరంగా తీరం వెంబడే సాగే ఉప్పునీటి కాలువ. పోటు వేళ నదులు సముద్రంలో కలిసే మొగల గుండా సముద్రపు నీరు కాలువలోకి ఎక్కుతుంది, ఆటు వేళ వెనక్కి తీస్తుంది. అందుకే కాలువ నదులను దాటే చోట్ల లాకులు కట్టారు: వరద రోజుల్లో నది తెచ్చే ఇసుక లోపలికి చొరబడకుండా, ఆటు సమయంలో కాలువ నీరు జారిపోకుండా. ఆ తలుపులు పాడైన తరువాత కాలువను పూడిక నుంచి కాపాడటం ఎవరి తరమూ కాలేదు.

ఇది ఒక్కసారిగా తవ్విన కాలువ కూడా కాదు. 1806 నాటికి మద్రాసు నుంచి ఎన్నూరు వరకు బ్రిటిష్ వ్యాపారి బాసిల్ కాక్రేన్ తవ్వించిన చిన్న కాలువ క్రమంగా ఉత్తరానికి పెరిగి 1876లో పెదగంజాం చేరింది. 1876-78 నాటి మహా కరువు రోజుల్లోనే, మద్రాసులో అడయారు, కూవం నదులను కలిపే ముక్కను కరువు పనుల కింద తవ్వించారు; 1878లో గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. మనం గవర్నరు పేరుతో పిలుచుకునే ఈ నీటి దారిలో ఆకలితో పార పట్టిన కూలీల చెమట ఉందని నేను ఎప్పుడూ గుర్తుచేసుకుంటాను. కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి 1078 కిలోమీటర్ల మేర నాలుగో జాతీయ జలమార్గంగా 2008లో ప్రకటించారు. అందులో పెదగంజాం నుంచి చెన్నై దాకా ఉన్నది 316 కిలోమీటర్లు.

సమాధానం: నెల్లూరు జిల్లా, పడవవాళ్ళ కుటుంబం

మా తాత, ఆయన తండ్రి ఈ కాలువ మీద పడవలు నడిపిన సరంగులు. తెరచాప పడవ అన్నంత మాత్రాన దారి పొడవునా చాప ఎత్తి ఉంటుందని అనుకోవద్దు. కాలువ ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది కాబట్టి, వేసవిలో పైరగాలి పట్టుకుని ఉత్తరానికీ, చలికాలంలో ఈశాన్యపు గాలితో దక్షిణానికీ చాప పనికొచ్చేది. గాలి పడిపోతే కొయ్యకు తాడు కట్టి ఇద్దరు గట్టు మీద నడుస్తూ లాగేవారు. గట్టు లేని చోట గెడ వేయవలసిందే. కాలువ నీరు నోట పోసుకోలేనిది కనుక కడవలతో మంచినీరు వెంట ఉంచుకునేవారు, అవి అయిపోతే సముద్రం వైపు ఇసుక దిబ్బల్లో చెలమ తవ్వుకునేవారు. ఆ తియ్యటి నీటి కోసమే ఫలానా రేవులో ఆగేవాళ్ళమని మా తాత చెప్పేవాడు.

మీరు వెళ్ళదలిస్తే జనవరి, ఫిబ్రవరి నెలలు చూడండి. అక్టోబరు, నవంబరుల్లో గాలి అనుకూలంగా కనిపించినా అవి తుపానుల నెలలు, ఆ సాహసం వద్దు.

సమాధానం: సూళ్ళూరుపేట నుంచి

మొత్తం దారి కోసం ఆరాటపడకుండా పులికాట్ సరస్సు భాగాన్ని ఎంచుకోమని నా మనవి. కాలువ పడవలు సరస్సు గుండానే వెళ్ళేవి, శ్రీహరికోట అడవి కట్టెలు మద్రాసు పొయ్యిల్లోకి చేరింది కూడా ఈ నీటి మీదే. తడ దగ్గర భీమునివారిపాలెం రేవు నుంచి ఇరకం దీవికి పడవలు తిరుగుతాయి. రెండేళ్ళ క్రితం ఒక జాలరి పడవలో తెల్లవారుజామున బయలుదేరి వెళ్ళాను. మోటారు ఆపి చాప విప్పిన తరువాత వినిపించినవి నీటి చప్పుడూ, దూరాన రాజహంసల అలికిడీ మాత్రమే. ఆ గంటసేపటి కోసం ఎంత దూరమైనా రావచ్చు.

అయితే సరస్సు చాలా లోతు తక్కువది, నీరు తీసిన చోట పడవ బురదలో కూరుకుపోతుంది. ఇది పక్షుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోండి. శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రం ఉన్నందున ఆ ఒడ్డు వైపు పడవ పోనివ్వకూడదు.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. జనవరిలో పులికాట్‌కే వస్తాను. నా పడవ తెచ్చుకోవడం కంటే అక్కడి జాలరి పడవ మాట్లాడుకోవడమే మంచిదని అనిపిస్తోంది. వారిలో తెరచాప వాడేవారు ఇంకా ఉన్నారా?

సమాధానం: సూళ్ళూరుపేట నుంచి

పెద్దవయసు వారిలో ఉన్నారండీ. ముందురోజు సాయంత్రమే రేవుకు వచ్చి మాట్లాడుకోండి, ఎందుకంటే బయలుదేరే వేళను వారు పోటును చూసి నిర్ణయిస్తారు.