అయాన్ ఛానల్: కాలువా, తూమా?

జీవకణాలతో కలిసి పనిచేసే ఎలక్ట్రానిక్ పరికరాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అయాన్ ఛానల్ దగ్గర, అంటే అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) కణంలోకి, బయటికి దాటే దారి దగ్గర, ఆగిపోయాను. మొదట 'కాలువ' అని రాసేశాను గానీ, మళ్లీ చదివితే నాకే నచ్చలేదు. కాలువ పొడవుగా సాగుతుంది, దానికి తలుపుండదు. ఇదేమో కణం పొరలో ఇమిడి ఉండే ప్రోటీన్. పొర మందమే నాలుగైదు నానోమీటర్లు. వోల్టేజీ మారితేనో, ఏదైనా అణువు వచ్చి అంటుకుంటేనో తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. అచ్చం చెరువు కట్టలో తూము. 'అయాన్ తూము' అంటే ఎలా ఉంటుందంటారు?

— బాగుందండీ. కానీ తూము ఎత్తితే ఏ నీళ్లయినా పోతాయి. ఇది మొహం చూసి తలుపు తీసే రకం. పొటాషియం ఛానల్ సోడియాన్ని దాదాపు రానివ్వదు. 'జల్లెడ' అనకూడదా?

— మధ్యలో నేనూ వస్తున్నానండీ, జల్లెడ అసలు కుదరదు. జల్లెడలో చిన్నది జారిపోతుంది, పెద్దది ఆగుతుంది. ఇక్కడ సోడియం అయానే చిన్నది, ఆగేదీ అదే! అయాన్ల చుట్టూ నీటి అణువులు అతుక్కుని ఉంటాయి. ఆ ఇరుకులో దూరాలంటే వాటిని వదిలెయ్యాలి. దారిలో వరసగా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు పొటాషియానికి ఆ నీళ్ల లోటు తెలియనివ్వవు. చిన్నదైన సోడియానికి అవి సరిగా అందవు, అందుకని అది నీళ్లను వదులుకోదు. అమెరికా శాస్త్రవేత్త రోడెరిక్ మెకినన్ బృందం 1998లో ఈ నిర్మాణాన్ని చూపించింది. 2003లో ఆయనకు నోబెల్ వచ్చింది కూడా.

— అయితే తూమే ఉంచుతాను, ఎంపిక సంగతి పక్క వాక్యంలో చెబుతాను. మరి ఇంటర్‌ఫేస్‌కి, అంటే కణమూ పరికరమూ కలిసే చోటుకి? 'అంతర్ముఖం' అని ఎక్కడో చూశాను. ఎవరితోనూ కలవని మనిషి గుర్తొచ్చాడు, ఇక్కడ కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

— 'దుబాసి' ఆలోచించండి. తీగలో నడిచేవి ఎలక్ట్రాన్లు, కణం పొర దాటేవి అయాన్లు. రెండు భాషలూ వచ్చినవాడు మధ్యలో ఉండాలి. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిన సెన్సర్ చేసింది ఆ పనే. బంగారు ఎలక్ట్రోడ్ మీద కొవ్వు పొర పరిచి, అందులో గ్రామిసిడిన్ అనే యాంటీబయోటిక్ అణువులతో ఏర్పడే ఛానళ్లు పెట్టారు. రెండు గ్రామిసిడిన్ అణువులు ఎదురెదురుగా కలిస్తేనే దారి. వెతుకుతున్న అణువు తగిలితే జంట విడిపోతుంది, కరెంటు తగ్గిపోతుంది.

— దుబాసి పరికరానికి చక్కగా సరిపోయిందండీ. రెండూ కలిసే చోటుకు మాత్రం నప్పలేదు, అది మనిషి కదా. అక్కడ ఇంటర్‌ఫేస్ అనే ఉంచేస్తాను.