కాలువ వైపు వంపు తిరిగిన కయ్య వైశాల్యం లెక్క కట్టడం ఎలా?

ప్రశ్న (రైతు, కోవూరు):
అయ్యా, మా కయ్యకు దక్షిణపు గట్టు తిన్నగా 120 అడుగులు ఉంది. పడమటి గట్టు 90, తూర్పు గట్టు 108 అడుగులు. రెండూ దానికి లంబంగానే ఉన్నాయి. ఉత్తరాన మాత్రం పంట కాలువ వెంబడి గట్టు బయటికి వంపు తిరిగింది. కొనడానికి వచ్చినవారు రెండు చివరి కొలతల సగటును పొడవుతో గుణించి 27 సెంట్ల చిల్లర అని తేల్చారు. మధ్యలో ఉబ్బిన నేల ఆ లెక్కలో ఏమైపోయిందో నాకు బోధపడలేదు. నిన్న మా అమ్మాయీ నేనూ పడమటి మూల నుంచి ప్రతి 20 అడుగులకూ టేపు పట్టి కాలువ గట్టు దాకా కొలిస్తే వరుసగా 90, 98, 104, 108, 110, 110, 108 అడుగులు వచ్చాయి. ఈ ఏడు కొలతలతో వైశాల్యం తేల్చవచ్చునా?

జవాబు (లెక్కల ఉపాధ్యాయుడు, ఒంగోలు):
నిక్షేపంగా తేల్చవచ్చునండీ. వారు వాడిన సూత్రం సరైనదే. సమాంతర భుజాల మొత్తంలో సగాన్ని వాటి మధ్య దూరంతో గుణిస్తే సమలంబ చతుర్భుజ వైశాల్యం వస్తుందని 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. అట్టతో అలాంటివి రెండు కత్తిరించి, ఒకదాన్ని తలకిందులు చేసి రెండోదాని పక్కన చేర్చండి. సమాంతర చతుర్భుజం ఏర్పడుతుంది, అందులో సగమే మనకు కావలసినది. అయితే నాలుగో భుజం తిన్నగా ఉంటేనే ఇది చెల్లుతుంది. మీ కయ్యను ఆరు పట్టీలుగా చీల్చి, ఒక్కొక్క పట్టీ పై అంచును సరళరేఖగా తీసుకోండి. లోపలి కొలత ప్రతిదీ ఇరుపక్కల పట్టీలకూ చెందుతుంది కనుక పూర్తిగాను, చివరివి రెండూ సగం చొప్పునను లెక్కకు వస్తాయి. 90, 108ల సగాల మొత్తం 99కి 98, 104, 108, 110, 110 కలిపితే 629. దాన్ని 20తో గుణిస్తే 12,580 చదరపు అడుగులు, అంటే సుమారు 28.9 సెంట్లు. వారి లెక్కలో 700 చదరపు అడుగులు జారిపోయాయి. మీ నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కనుక అది తొమ్మిదిన్నర అంకణాల పైమాటే.

జవాబు (డిగ్రీ విద్యార్థిని, కావలి):
మాస్టారు గారి లెక్కకు ఒక మాట చేరుస్తాను. గట్టు బయటికి ఉబ్బినప్పుడు ప్రతి పట్టీ పై గీతా వంపుకు లోపలే పడుతుంది కనుక ఈ పద్ధతి కొద్దిగా తక్కువే చూపుతుంది. పక్కపక్క కొలతల తేడాలు 8, 6, 4, 2, 0, −2 అని క్రమంగా రెండేసి తగ్గుతున్నాయి. కాబట్టి ఈ బిందువులన్నీ ఒకే పరావలయం (విసిరిన బంతి దారి లాంటి వంపు) మీద ఉన్నాయి. అలాంటి వక్రానికి, పట్టీల పై అంచును సరళరేఖకు బదులు పరావలయంగా తీసుకునే సింప్సన్ సూత్రం కచ్చితమైన విలువ ఇస్తుంది: 12,600. తేడా 20 చదరపు అడుగులే. పట్టీల వెడల్పును సగం చేస్తే అది నాలుగో వంతుకు, అంటే 5కు దిగుతుంది. పట్టీలు సన్నబడేకొద్దీ మొత్తం ఏ విలువను సమీపిస్తుందో దానినే నిశ్చిత సమాకలనం అంటాము.

జవాబు (ఒంగోలు ఉపాధ్యాయుడు):
చక్కగా చెప్పావమ్మా. రైతు గారూ, టేపు దక్షిణపు గట్టుకు లంబంగానే పట్టారా? ఏటవాలుగా పడితే కొలత మారిపోతుంది. తాడుకు వరుసగా 3, 4, 5 అడుగుల ఎడంతో ముడులు వేసి, ఆ మూడూ భుజాలుగా త్రిభుజం బిగిస్తే మూల మట్టం దానంతట అదే కుదురుతుంది.

రైతు, కోవూరు:
మధ్యలో రెండు చోట్ల కంటిచూపుతోనే పట్టాము, మాస్టారూ. రేపు తెల్లవారగానే తాడు వేసి మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను.